డబ్బా మీద బొట్టు

మొన్న షాపులో కొత్త సిస్టం పెట్టుకుంటున్నాను. నాలుగు టీబీ డిస్కని చెప్పి అమ్మినాడు నెల్లూరు కొట్టతను. విండోస్ వేస్తా ఉంటే డిస్కు ఎంతుందో చూపించే చోటుకొచ్చి ఆగింది. నాలుగు కాదు, రెండే వాడుకోనిస్తానని మొండికేసింది. ఓరి నీ దుంప తెగా, ఈ వయసులో నాకీ తిప్పలేందిరా నాయనా అనుకుంటా సిస్టం ఆపేసినాను. ఆపి ఏం చేసినానంటే, డిస్కు ఊడదీసి, వెనక్కి తిప్పి, పిన్నుల దగ్గర చూసుకున్నాను. అక్కడేమీ లేదు. ఇప్పటి డిస్కులకు అక్కడేమీ ఉండదని నాకు బాగా తెలుసు. తెలిసీ చూసినాను.

చూసినాక ఇంక పని సాగలేదు. కుర్చీలో అట్టానే కూర్చుండిపోయినాను. మా అత్త పోయి ఏడాది దాటింది. పోయిన రోజు ఏడవడానికి కూడా తీరిక లేదు, వచ్చే చుట్టాలు, పోయే చుట్టాలు, అందరికీ కాఫీలు. ఇన్నాళ్ళకు, పట్టపగలు, ఒక డిస్కును చేతిలో పట్టుకుని ఏడ్చినాను.

డిస్కు సంగతి పెద్దదేం కాదులెండి. తర్వాత గూడూరు మెకానిక్కుకు ఫోన్ చేస్తే, అందులో భాగాలు పాత పద్ధతిలో చేసున్నాయి, ఆ పద్ధతిలో రెండుకు మించి లెక్కపెట్టలేదు, కొత్త పద్ధతికి మార్చుకో అన్నాడు. ఖాళీ డిస్కే గదా, మార్చినాను. నాలుగూ వచ్చినాయి. మా అత్త ఉండి ఉంటే మాత్రం నాలుగూ వచ్చేదాకా కాఫీ ముట్టేది కాదు. నా పక్కనే నిలబడి, "వచ్చిందా మే?" అని అడిగేది.

మా షాపు ముత్తుకూరులో బస్సులు ఆగే చోటికి దగ్గర. ఫోటో స్టూడియో. దాంట్లోనే ఒక మూల జెరాక్సు, లామినేషను, ఆన్‌లైన్ పనులు. మా మామ పోయినాక కెమెరా నా చేతికొచ్చింది, గల్లాపెట్టె దగ్గర కుర్చీ మా అత్తకొచ్చింది. మా ఆయనకు పోర్టులో షిఫ్టులు. ఆయన షాపులో కనిపించేది గోడ మీద మా పెళ్ళి ఫోటోలోనే.

ఆ కుర్చీలో కూర్చుని మా అత్త చేసే పని ఇంతా అంతా కాదు. ఫోటోకు వచ్చిన మనిషిని ముందు ఎగాదిగా చూసేది. చొక్కా కాలరు సరిచేసేది. పైగుండీ పెట్టేది. సముద్రం మీద వేటకు పోయే పల్లెపాళెం మగవాళ్ళ జుట్టు ఉప్పుగాలికి ఎర్రబారి, కొబ్బరిపీచు మాదిరి లేచుండేది. వాళ్ళ కోసం ఒక నూనె సీసా, ఒక దువ్వెన పెట్టుకుని ఉండేది. మీసాలొచ్చిన మనిషిని గడ్డం పట్టుకుని, పసిబిడ్డకు దువ్వినట్టు పాపిడి తీసి దువ్వేది. వాళ్ళూ కిక్కురుమనకుండా దువ్వించుకునే వాళ్ళు. అంతా అయినాక ఒక మాట అనేది.

"సరిగ్గా కూర్చో నాయనా. రేపు గోడ మీద పెట్టేది ఇదే."

పోర్టు గేటు పాసుకు ఫోటో దిగడానికి వచ్చిన మనిషి మొహం మాడిపోయేది. నాకు ఒళ్ళు మండేది.

"అత్తా, నీకు మంచీ చెడ్డా లేదా? ఉద్యోగానికని వస్తే ఏం మాటది?"

"నేనేం చెడ్డ మాటన్నా? ఎప్పుడో పెడతారు గదా. పెట్టినప్పుడు బాగుండాల్నా, వద్దా?"

ఏం చెప్తాం ఆమెకు. అన్నది అబద్ధమా అంటే అదీ కాదు. పల్లెపాళెంలో ఇళ్ళలో ఫోటోలు నిలవవు. ఒక తుఫాను వచ్చిందంటే ఇంట్లోకి నీళ్ళొస్తాయి, ఆల్బం ఆల్బమంతా అతుక్కుని అప్పచ్చి అయిపోతుంది. తుఫాను రాకపోయినా ఆ ఉప్పుతేమకు మొహాల మీద తెల్లమచ్చలు లేస్తాయి. ఇప్పుడంటే ఫోన్లొచ్చినాయి. అప్పుడు మా షాపులో గేటు పాసుకో, రేషన్ కార్డుకో దిగిన చిన్న ఫోటోనే మనిషికి మిగిలేది. ఎవరైనా పోతే మా దగ్గరికి వచ్చేవాళ్ళు, అదే ఫోటోను పెద్దది చేసి దండేసి ఇమ్మని.

మా అత్తకు చదువు లేదు. కానీ మొహం ఒకసారి చూసిందంటే అంతే. నేను కంప్యూటరులో ఒక్కో ఫోటో జరుపుతా ఉంటే పక్కన కూర్చుని, "ఆగు. వెనక్కి పో. ఇంకొంచెం. ఆ, ఈయనే, ఎడమ చెవి చిన్నది" అనేది. పేర్లు నాకు తెలిసేవి, మొహాలు ఆమెకు తెలిసేవి. కంప్యూటరు లోపల ఫోటోలన్నీ ఒక ఇనప డబ్బాలో ఉంటాయని నేనెప్పుడో చెప్పినాను. అప్పటి నుంచి ఆమెకు డిస్కు అంటే డబ్బా. పొద్దున షాపు తెరవగానే కంప్యూటరును రెండు వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేది. సాయంత్రమయ్యేసరికి నడుం పట్టుకుని, "ఇంతమందిని కాపలా కాసేసరికి నా పని అయిపోయిందమ్మా" అని మూలిగేది. నాకు నవ్వొచ్చేది. ఆమె మాత్రం నవ్వేది కాదు, నిజంగానే అలిసిపోయేది.

అసలు చెప్పాల్సింది ఆయుధపూజ గురించి.

మా అత్త మొహాన బొట్టు లేదు. పెళ్ళిళ్ళకు పోతే వెనక వరసలో కూర్చునేది. నా సీమంతం రోజు వంటింట్లో నుంచి బయటికి రాలేదు, ఎంత పిలిచినా. ఎవరింట్లోనన్నా పేరంటమంటే ఆమెను పిలిచే వాళ్ళు కారు, ఆమె అడిగేదీ కాదు. ఏడాదికి ఒక్కరోజు, ఆయుధపూజ నాడు మాత్రం, కుంకం గిన్నె ఆమె చేతిలో ఉండేది.

మా మామ పోయిన తర్వాత వచ్చిన మొదటి ఆయుధపూజకు ఎవరినీ అడగలేదు. పొద్దున్నే తలకు పోసుకుని వచ్చి గిన్నె తీసుకునింది. కెమెరాకు పెట్టింది. స్టాండు మూడు కాళ్ళకూ పెట్టింది. జెరాక్సు మిషనుకు, లామినేషను మిషనుకు, ఫోటోలు కత్తిరించే కత్తికి, మౌసుకు, ఫ్యాను రెగ్యులేటరుకు, చివరికి స్టాప్లరుకు కూడా పెట్టింది. ముందు పసుపు, దాని మీద ఉంగరం వేలితో కుంకం. ఒక్కోదాని ముందర ఆగి, తలొంచి, గుండ్రంగా వచ్చిందో లేదో చూసుకుని మరీ పెట్టింది. అంత తీరిగ్గా ఆమె ఇంకే పనీ చెయ్యంగా నేను చూడలేదు. ఆ రోజు ఆమెకు నడుం నొప్పి కూడా రాలేదు.

మా ఆయన మేనత్త ఒకామె ఉంది, ఎదురు వీధే. ఆమె నోరు మంచిది కాదు. ఇప్పటికీ బతికే ఉంది, ఇది చదివితే చదవనీండి. ఆ రోజు ప్రసాదానికని వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదేంది వదినా? కోడలు పుణ్యస్త్రీ, నిక్షేపంగా ఉండంగా నీ చేత్తో కుంకం పెట్టేదేంది?"

మా అత్త తలెత్తకుండానే అనింది: "మిషనుకు మొగుడుండాడా, పెళ్ళాముండాదా? దానికెవరు పెడితే ఏం మే?"

ఆ మాటకు మేనత్త నోరు మూసుకునింది. మూసుకునిందే గానీ మర్చిపోలేదు. ఏదో ఒక ఏడు ఏదో ఒక మిషను చెడిపోకపోతుందా, అప్పుడు అడుగుదామని కాచుకోనుండాదని నాకు తెలుసు, మా అత్తకూ తెలుసు. అందుకే పూజ అయిన మర్నాడు నేను స్విచ్చి వేసేదాకా మా అత్తకు కాఫీ దిగేది కాదు. అన్నీ తిరుగుతున్నాయని తెలిసినాకే తాగేది. ఆ ఒక్కరోజునూ పోగొట్టుకుంటానేమోనని ఆమెకు భయం.

ఆ భయం నిజమైన ఏడు సంగతి ఇది. అప్పటి మా కంప్యూటరు పాతకాలం సరుకు. ఆయుధపూజ ముందు రోజు దుమ్ము దులుపుదామని క్యాబినెట్టు విప్పినాను. పోర్టు బొగ్గుపొడి, సముద్రపు తేమ కలిసి లోపల జిడ్డు జిడ్డుగా పట్టుంది. మా అత్త వచ్చి నా భుజం మీద నుంచి తొంగి చూసింది.

"ఆ ఫోటోల డబ్బా ఏదీ? బయటికియ్యి."

"అది దేనికత్తా? క్యాబినెట్టు మీద పెడితే చాలదా?"

"లోపలుండే వాళ్ళందరికీ పెట్టినట్టుంటాది, ఇయ్యి."

నాలుగు స్క్రూలు విప్పి ఇచ్చినాను. గుడ్డ తీసుకుని మూలమూలలా తుడిచింది. మర్నాడు దాని మీద అరచేతి వెడల్పున పసుపు పూసి, నడి మధ్యన రూపాయి కాసంత బొట్టు పెట్టి, అమ్మవారి పటం ముందర పెట్టింది. పూజ మర్నాడు పొద్దున దాన్ని మళ్ళీ బిగించి స్విచ్చి వేసినాను. కంప్యూటరు తెరుచుకోలేదు. నల్లటి తెర, మూలన ఒక గీత టిక్కు టిక్కుమంటా ఉంది. మా అత్త కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే మాకు చేపలు పోసే ఆమె వచ్చింది. ఆ రోజు తల మీద గంప లేదు. ఆమె కొడుకు వేటకు పోయి, వల లాగుతా లాగుతా పడవలోనే గుండె ఆగి పోయినాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఎల్లుండి కర్మాంతరం, బంధువులంతా వస్తారు, ఫోటో కావాలని వచ్చింది.

"ఇంట్లో ఒక్కటీ లేదమ్మా. పోయిన తుఫానుకు అన్నీ పోయినాయి. నీ దగ్గర దిగినాడంట గదా, లైసెన్సుకని." పైట చెంగుతో మొహం తుడుచుకునింది. "నా కోడలు చెంగమ్మ గడప దాటకూడదు గదా, లేకుంటే అదే వచ్చేది. ఒకటే పోరు పెడతా ఉండాది. మనిషి మొహం మర్చిపోతానేమో అత్తా, ఎట్టన్నా తెచ్చియ్యమంటాది."

"ఉండాడమ్మా, ఎక్కడికి పోతాడు? కూర్చో" అన్నాను.

అన్నాను గానీ, విండోసే పాడైపోయి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా డిస్కు ఎనభై జీబీ. అందులో కొంచెం భాగం సి, విండోస్ ఉండేది. మిగతాదంతా డి, ఫోటోలుండేది. సి లో మాత్రం విండోస్ మళ్ళీ వేసుకుంటే డి జోలికి పోకుండా పని జరిగిపోతుంది. అంతకుముందూ చేసినాను ఆ పని. సీడీ వేసి కూర్చున్నాను. నీలం తెర వచ్చింది. డిస్కు ఎంతుందో చూపించింది.

ముప్పై రెండు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసినాను. ముప్పై రెండే. డి అనేదే లేదు. తెర అడుగున మాత్రం రాసుంది, ఈ మీట నొక్కితే విండోస్ వేస్తాను, ఆ మీట నొక్కితే ఉన్నది తుడిచేస్తాను అని. వేలు మీటల మీద పెట్టడానికి భయమేసింది. ఆ కనపడని భాగంలో చెంగమ్మ మొగుడొక్కడే లేడు, పల్లెపాళెం పల్లెపాళెమంతా ఉంది.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అప్పుడే మేనత్త దిగబడింది, నిన్న ప్రసాదం తీసుకుపోయిన గిన్నె తిరిగిచ్చే వంకతో. నా మొహం చూసింది, చేపలామె మొహం చూసింది, విప్పిన క్యాబినెట్టు చూసింది. ఇంకేం కావాలి ఆమెకు.

"ఏమైంది? చెడిపోయిందా? నేను ఆ రోజే చెప్పినానా లేదా? మొగుడు పోయిన చెయ్యి కుంకం తాకితే ఏం మిగుల్తాది? ఈయమ్మ బిడ్డ మొహం కూడా మిగల్లేదు."

మా అత్త గల్లాపెట్టె అంచు పట్టుకుని నిలబడుంది. నేను ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆమె జవాబు చెప్పకుండా నిలబడిన రోజు అదొక్కటే. నాకు మేనత్తను బయటికి తొయ్యాలనిపించింది. కానీ ఫోన్ చెయ్యడం ముందు. గూడూరు మెకానిక్కుకు చేసినాను.

"అన్నా, ఎనభై డిస్కు ముప్పై రెండే చూపిస్తా ఉంది."

"నిన్నటిదాకా బాగుండిందా?"

"బాగుండింది."

"ఊడదీసినావా?"

నేను మా అత్త వైపు చూడలేదు. "ఊడదీసినా అన్నా. పూజకి."

అవతల పెద్ద నవ్వు. "ఆయుధపూజ మర్నాడు నాకు ఊపిరాడదు తల్లీ. పొద్దున నుంచి ఇది ఎన్నోదో. ఒకాయన కీబోర్డు మీద నిమ్మకాయ కోసినాడు, ఇంకొకాయన ప్రింటరులో అక్షింతలు వేసినాడు. సరేగానీ విను. నువ్వు ఏ మీటా నొక్కబాక. సిస్టం ఆపేసి డిస్కు బయటికి తియ్యి. వెనకాల పిన్నులుంటాయి చూడు, వాటి మీద వడ్లగింజంత టోపీ ఉంటాది. అది ఒకచోట ఉంటే డిస్కంతా కనపడతాది. ఇంకోచోట ఉంటే ముప్పై రెండు దగ్గర ఆగిపోతాది. మరీ పాత మిషన్లు పెద్ద డిస్కును చూడలేక తెరుచుకోవని, వాటి కోసం పెట్టిన ఏర్పాటది. ఆ టోపీ నీ దగ్గర చోటు మారుంటాది."

"మరి ఫోటోలు?"

"యాడికి పోతాయి? ఉండేచోటే ఉంటాయి. మిషనుకు కనపడటం లేదంతే. ఎక్కడ పెట్టాల్నో డిస్కు మీద స్టిక్కర్లో బొమ్మేసుంటాది. చూసి మార్చుకో."

ఫోన్ పెట్టేసి డిస్కు తీసినాను. తిప్పి చూస్తే నిజంగానే ఉంది టోపీ. ఎక్కడ పెట్టాలో చూద్దామని స్టిక్కరు వైపు తిప్పినాను. స్టిక్కరు లేదు. అంటే ఉంది, పసుపు కింద. బొమ్మ ఉండాల్సిన చోట మా అత్త పెట్టిన బొట్టుంది, గట్టిగా ఎండిపోయి.

గుడ్డ తడుపుకొచ్చినాను. తుడవబోతుంటే మా అత్త "ఆగు" అనింది.

"ఆ టోపీ నేనే పెట్టినా. మొన్న తుడుస్తా ఉంటే ఊడొచ్చి కింద పడింది. నీకు చెప్తే ఇంక డబ్బా నా చేతికియ్యవని చెప్పలేదు. రెండు పిన్నులు ఖాళీగా కనపడితే అక్కడ గుచ్చినా. పొద్దున నుంచి చెప్పాల్నా వద్దా అని చస్తా ఉండా."

చేపలామె ముందర, మేనత్త ముందర చెప్పింది. మేనత్తకు కావాల్సిన మాట మేనత్త చేతికిచ్చేసింది. నేను "పోనీలే అత్తా, టోపీనే గదా" అన్నాను. ఆమె వినలేదు.

"సరే, బొట్టు నువ్వు పెట్టిందే గదా, నువ్వే తుడువు" అని గుడ్డ ఇవ్వబోయినాను, ఆమె చేతికి ఏదో ఒక పని ఉంటే బాగుంటుందని.

వెనక్కి జరిగింది. "నా వల్ల కాదు మే. ఒకసారి నాకు తుడిచినారు. నేను తుడవలేను."

నేనే తుడిచినాను. ఎంత మెల్లగా తుడిచినానో నాకే తెలుసు. గుడ్డంతా ఎర్రగా, పచ్చగా అయింది. చేపలామె రోడ్డు వైపు తిరిగి కూర్చునింది. ఎల్లుండి ఇంటి దగ్గర చెంగమ్మకు జరగబోయేదీ ఇదే గదా, ఎట్టా చూస్తుంది. డిస్కు మీద బొట్టు తుడవడానికే ఇంత ఉంటే, మనిషికి తుడిచే చేతులు ఎట్టా వస్తాయో.

బొమ్మ బయటపడింది. లామినేషను బ్లేడు మొనతో టోపీ లాగి, బొమ్మలో ఉన్నచోట పెట్టినాను. డిస్కు బిగించి స్విచ్చి వేసినాను. విండోస్ మళ్ళీ వెయ్యాల్సిన పనే లేకపోయింది. ఎప్పటి మాదిరే తెరుచుకునింది, ఎనభై ఎనభైగా ఉంది, డి ఉంది. మా అత్త వచ్చి నా పక్కన కూర్చునింది. నేను ఫోటోలు జరిపినాను.

"ఆగు" అనింది. "వెనక్కి. ఇంకొకటి. ఆ."

నవ్వుతా ఉన్నాడు. చొక్కా పైగుండీ పెట్టుంది, పాపిడి చక్కగా ఉంది. చేపలామె తెర దగ్గరికి వచ్చి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది.

"జుట్టు దువ్వినారే వీడికి! ఇంట్లో ఒక్కనాడు దువ్వెన పట్టిన పాపాన పోలేదు."

"నేనే దువ్వినా" అనింది మా అత్త.

ఆ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడ్చినారు. పెద్ద ఫోటో తీసి, ఫ్రేము కట్టి ఇచ్చి పంపించినాను. మేనత్త ఎప్పుడు పోయిందో చూడలేదు. కానీ సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలిసింది, డబ్బా చెడిందని, ఫలానా ఆమె చెయ్యి పడబట్టే చెడిందని. బాగైందనే మాట మాత్రం ఎవరూ చెప్పుకోలేదు. అది చెప్పుకోవడానికి రుచిగా ఉండదు గదా.

ఆ తర్వాత మా అత్త కంప్యూటరును తాకలేదు. పొద్దున కళ్ళకద్దుకోవడం మానేసింది. ఫోటోల వాళ్ళొస్తే దువ్వెన వాళ్ళ చేతికే ఇచ్చి దువ్వుకోమనేది. కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరివో చేతులైనట్టు కూర్చునేది. నేను ఎన్నిసార్లు చెప్పినానో. "వడ్లగింజంత ప్లాస్టిక్కు ముక్క చోటు మారింది అత్తా. నీకు బదులు నేను తుడిచుంటే నా చేతిలోనైనా ఊడేది. నా మొహాన బొట్టుంది, అప్పుడేమనే వాళ్ళు?"

"నీ చేతిలో ఊడలేదు గదా" అనేది. అంతే. ఆమెతో వాదించి గెలిచిన వాళ్ళు లేరు.

ఏడాది తిరిగి ఆయుధపూజ వచ్చింది. అన్నీ కడిగి తుడిచి వరసగా పెట్టుకున్నాను. డిస్కు కూడా ఊడదీసి, పసుపు పూసి పెట్టినాను, కావాలనే. ఆమె తలకు పోసుకుని వచ్చింది గానీ లోపలికి రాలేదు. షాపు మెట్టు మీద, రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చునింది. "రా అత్తా" అన్నాను. "నువ్వు కానియ్యి. పుణ్యస్త్రీవి" అనింది. ఆ మాట ఆమె నోట్లో నుంచి వినడం నాకదే మొదలు. ఇంట్లో ఎవరో పోయినంత నీరసమొచ్చింది నాకు. గిన్నె పట్టుకుని నిలబడినానే గానీ వేలు ముంచబుద్ధి కాలేదు.

అప్పుడొచ్చింది చెంగమ్మ. నేనామెను చూడటం అదే మొదటిసారి. పలచటి పిల్ల, ముదురు రంగు చీర, మొహం మీద ఏమీ లేదు. రొయ్యల కంపెనీలో పని దొరికిందంట, కార్డుకు ఫోటో కావాలని వచ్చింది. మెట్టెక్కబోతా లోపల పసుపూ, కుంకం, కొబ్బరికాయలూ చూసింది. కాలు వెనక్కి తీసుకునింది.

"పూజలో ఉండారా అక్కా? నేను రేపొస్తాలే" అని, అడ్డం వచ్చిన వాళ్ళు జరిగినట్టు పక్కకు జరిగింది.

మా అత్త మెట్టు మీద నుంచి ఆ పిల్ల మొహమే చూస్తా ఉంది, ఎప్పుడో ఎక్కడో ఒకసారి చూసే ఉంటుంది.

"చేపలమ్మే ఆమె కోడలివి గదూ?"

"అవును పెద్దమ్మా."

మా అత్త మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని గడప దాటించి లోపలికి తీసుకొచ్చింది. నా చేతిలో గిన్నె లాక్కుని ఆ పిల్ల చేతిలో పెట్టింది. చెంగమ్మ బెదిరిపోయింది. "నేనా? నేను పెట్టకూడదు పెద్దమ్మా" అని గిన్నె నా వైపు చాచింది. సరిగ్గా అప్పుడే ఎదురు వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడింది మేనత్త. మా అత్త ఆమెను చూసింది. చూసి, రోడ్డవతలికి వినపడేటట్టు గొంతు పెంచింది.

"పెట్టు మే. ఈ డబ్బాలోనే ఉండాడు నీ మొగుడు. అంచుకు మాత్రం పోబాక, అక్కడొక చిన్న టోపీ ఉంటాది. అది ఊడిందంటే కనపడడు."

చెంగమ్మ డబ్బా వంక చూసింది. ఉంగరం వేలు కుంకంలో ముంచి, పసుపు మధ్యన పెట్టింది. వేలు వెంటనే తియ్యలేదు. పక్కనే మా అత్త ఇంకొకటి పెట్టింది.